గుంయ్యి, కీచు, ఖంగు

గిటారు ఆంప్లిఫయరు కొనుక్కోవాలంటే దుబాయిలో కరువేమీ లేదు. అరచేతిలో ఇమిడేవి మొదలుకొని మనిషెత్తు వాటి దాకా దొరుకుతాయి. అయినా మావాడు వాల్వులతో సొంతంగా కట్టుకుందామన్నాడు. మేము వెంటనే ఒప్పుకోలేదు. వీసా లెక్కన నడిచే కాపురాల్లో ఎవరూ ఏదీ కట్టుకోరు. కొంటారు, వెళ్ళేటప్పుడు అమ్ముతారు, అమ్ముడుపోకపోతే మెట్లకింద వదిలేసి వెళతారు. అందులోనూ మేము ఉండేది సత్వాలో. 2008లో ఈ పేటలోని పాత ఇళ్ళు తీసేసి జుమేరా గార్డెన్ సిటీ కడతామని ప్రకటించి ఎన్నో ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆ ఏటి ఆర్థిక సంక్షోభంతో పని ఆగిపోయి కొంత సత్వా మిగిలింది. ఇలాంటి చోట శాశ్వతంగా ఉండే వస్తువు తయారుచేయడం ఎందుకన్నది మా వాదన. దానికితోడు ఇందులో మూడువందల వోల్టుల వ్యవహారం ఉంది, పిల్లవాడికి పద్నాలుగేళ్ళు.

చివరకు ఒప్పుకున్నది తెనాలినుంచి వచ్చిన ఒక బిస్కత్తుల డబ్బా మూలాన.

మా ఇద్దరిలో ఒకరి పుట్టిల్లు తెనాలి. మావాడి తాతగారు అక్కడ చాలాకాలం రేడియోలు బాగుచేసే దుకాణం నడిపారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే అటకమీద ఈ డబ్బా దొరికింది. అందులో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి వాల్వులు, అట్టపెట్టెల్లో పెట్టినవి పెట్టినట్టే అయిదున్నాయి. మూడు ఈసీసీ 83లు, రెండు ఈఎల్ 84లు. చిన్న గిటారు ఆంప్లిఫయరుకు కావలసినవి ఈ రెండు రకాలే. వీటి పేర్లలోనే జాతకం ఉంటుంది. మొదటి 'ఈ' అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు. 'సీ' అంటే ట్రయోడు, రెండు 'సీ'లంటే ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడులు. 'ఎల్' అంటే స్పీకరును తోలే పవర్ వాల్వు. అమెరికావారు మొదటిదాన్ని 12ఏఎక్స్7 అనీ రెండోదాన్ని 6బీక్యూ5 అనీ పిలుస్తారు. పేర్లు వేరయినా వస్తువొకటే. ఈసీసీ 83ల పెట్టెల్లో రెండింటిమీద పెన్సిలుతో ఒక్కొక్క మాట రాసి ఉంది. ఒకదానిమీద 'వాన', ఇంకోదానిమీద 'ఖంగు'. అవేమిటో అప్పటికి తేలలేదు.

ట్రాన్సిస్టరు వచ్చి రేడియోల్లోంచీ టీవీల్లోంచీ వాల్వును వెళ్ళగొట్టినా, గిటారువాళ్ళు మాత్రం దాన్ని వదలలేదు. మోత మితిమీరినప్పుడు ట్రాన్సిస్టరు శబ్దతరంగం నెత్తిని కత్తితో కోసినట్టు కోస్తుంది. వాల్వు దాన్ని గుండ్రంగా అణుస్తుంది. ఆ కాస్త నలిగిన గొంతే వాళ్ళకు కావలసింది. 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణంలో తయారయిన మొదటి ఆంప్లిఫయరు కూడా అమెరికాలోని ఫెండర్ కంపెనీవారి 'బాస్‌మన్'ను చూసి కట్టిందే. కాబట్టి ఒకరిది చూసి మరొకరు కట్టడం ఈ విద్యలో మొదటినుంచీ మర్యాదే.

"వీణో వయొలినో నేర్పించకుండా ఈ కరెంటు వాయిద్యమేమిటి వదినా?" అని ఊరినుంచి ఫోనులో అడిగినవాళ్ళున్నారు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు వాయించింది కరెంటు మాండొలినే కదా. మామూలు మాండొలిను మీద స్వరం మీటగానే చచ్చిపోతుంది, గమకానికి వ్యవధి ఉండదు. అది నిలబడడానికి ఆయనకు కరెంటు సాయం కావలసివచ్చింది. 2014లో ఆయన నలభై అయిదేళ్ళకే పోయారని విన్నరోజు మా ఇంట్లో కూడా పొయ్యి ఆలస్యంగా వెలిగింది. ఆ సంగతి చెప్పాక ఫోనులో ఆక్షేపణలు తగ్గాయి.

మేము ఎంచుకున్నది అన్నిటికన్నా చిన్న సర్క్యూటు. ఒక ఈసీసీ 83, ఒక ఈఎల్ 84, పది అంగుళాల స్పీకరు. ఈఎల్ 84కు ప్లేటుమీద 250 వోల్టులిస్తే అయిదు వాట్ల పైచిలుకు వస్తుంది. సత్వాలో ఫ్లాటుకు అదే ఎక్కువ. అమెరికా పుస్తకాల్లోని 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు ఇక్కడ పనికిరావు, మనకు వచ్చేది 230 వోల్టులు, 50 సైకిల్సు. అంచేత సెలవులకు వెళ్ళినప్పుడు హైదరాబాదులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ చుట్టించి, కోఠీ గుజరాతీ గల్లీలో వాల్వు బేసులూ కండెన్సర్లూ కొని, పచ్చడి జాడీల మధ్య కుక్కి తెచ్చాము. మిగతాదంతా సత్వాయే ఇచ్చింది. అల్యూమినియం రేకు వంచి బెజ్జాలు కొట్టింది ఒక కొట్టులో, చెక్కపెట్టె చేసింది ఇంకో కొట్టులో. పెట్టెకు రెక్సిను తొడిగింది కారు సీట్లు కుట్టే మనిషి. ఏ బండి సీటైనా ఇంత పలకలుగా ఉండదే అని రెండు వైపులా తిప్పి చూశాడు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి, ఎవరి పిల్లలైనా మొదలుపెడతారేమోనని. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో మూడువందల వోల్టులు అలాగే కూర్చుని ఉంటాయి. వాటికి అడ్డంగా 220 కిలోఓముల రెసిస్టెన్సు ఒకటి ఎప్పుడూ ఉండాలి. అది ఉన్నా సరే, మీటరు పెట్టి సున్నా చూసుకున్నాకే వేలు పెట్టాలి. తాతగారు లైవు సెట్టు ముట్టుకోవలసివస్తే ఎడమచెయ్యి వీపు వెనక్కి మడిచేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. మావాడు మొదట నేర్చుకున్నది ఆ చెయ్యి మడవడమే. మూత తీసి ఉన్నంతసేపూ మా ఇద్దరిలో ఒకరు స్విచ్చి దగ్గర నిలబడ్డాము.

మొదటిసారి స్విచ్చి వేసి అరనిమిషం ఆగాము. వాల్వులు ఎర్రబడ్డాయి. ఈఎల్ 84 కేథోడు కింద 150 ఓముల రెసిస్టెన్సుమీద ఏడు వోల్టులు చూపింది. అంటే 47 మిల్లీ ఆంపియర్లు, ఆ వాల్వు మొయ్యగల బరువే. అంతవరకూ బాగానే ఉంది.

"అమ్మా, అదోలాంటి సౌండ్ వస్తోంది" అన్నాడు మావాడు.

"అదోలా అంటే? గుంయ్యిమంటోందా, గరగరమంటోందా?"

వాడికి ఆ తేడా తెలియదు. ఇంట్లో మాతో తెలుగు మాట్లాడతాడు గాని, అది అన్నం తిన్నావా, హోంవర్కు అయిందా అనేంత తెలుగు. చప్పుడంతా వాడికి నాయిసే. తెనాలి దుకాణంలో సంగతి వేరు. రేడియో సంచిలో పెట్టుకుని పల్లెనుంచి వచ్చిన రైతుకు కండెన్సరంటే ఏమిటో తెలియదు గాని, "గుంయ్యిమంటోందయ్యా" అనో, "ఊరికే బుసకొడుతోంది" అనో, "పుటపుటమని పడవ ఇంజనులా కొట్టుకుంటోంది" అనో కచ్చితంగా చెప్పేవాడు. సెట్టు విప్పకముందే సగం జబ్బు అక్కడ తేలిపోయేది. ఎందుకంటే ఈ చప్పుళ్ళు ఒక్కొక్కటీ ఒక్కొక్క చోటునుంచి పుడతాయి. గుంయ్యి కరెంటునుంచి, బుస మొదటి వాల్వునుంచీ దాని రెసిస్టెన్సులనుంచీ, చిటపట వదులైన అతుకునుంచి, పుటపుట ఎండిపోయిన ఫిల్టరు కండెన్సరునుంచి. ఒక నోటుపుస్తకం తీసి ఆ మాటలన్నీ వాడిచేత తెలుగులోనే రాయించాము.

మాకు వచ్చింది గుంయ్యి. అందులోనూ రెండు రకాలు. ఫిలమెంటు వైర్లనుంచి వచ్చేది 50 సైకిల్సు, డయోడులు దాటిన తరవాత వచ్చేది 100. ఒకటి మంద్రస్థాయి అయితే రెండోది దానికి సరిగ్గా పైస్థాయి. గిటారు లావు తీగెమీద మూడో మెట్టు 98 సైకిల్సు, దాన్ని మీటి పోల్చి చూడమన్నాము. గుంయ్యి దానికి ఒక స్థాయి కిందనుంది. ఆపి, ఈసీసీ 83 పీకి మళ్ళీ వేస్తే నిశ్శబ్దం. అంటే పుట్టుక ఆ వాల్వు దగ్గరో, దానికి ముందో. మా ట్రాన్స్‌ఫార్మరు ఫిలమెంటు చుట్టకు నడిమి కొస లేదు, అందువల్ల ఆ వైర్లు రెండూ ఎర్తుతో పొత్తు లేకుండా ఊగుతున్నాయి. రెండు కొసలనుంచీ చెరొక వంద ఓముల రెసిస్టెన్సు ఎర్తుకు దించితే గుంయ్యి తోకముడిచింది.

తరవాత వచ్చింది కీచు. స్పీకరుకు వెళ్ళే శబ్దంలో కొంత వెనక్కి తెచ్చి ఈసీసీ 83 రెండో సగానికి కలుపుతారు, అసలు శబ్దంలోంచి అది తీసివేతై మోత శుభ్రపడడానికి. ఆ వైరు కలిపామో లేదో, ఇల్లంతా కత్తి సానపెట్టినట్టు కీచుమంది. పై అంతస్తునుంచి తలుపు తీసిన చప్పుడు వినబడింది. ఆ ఒక్క వైరు ఊడదీస్తే ఆగింది. కారణం సులువే, తీసివేత కావలసింది కూడికయింది. ట్రాన్స్‌ఫార్మరు స్పీకరు వైపు కొసలు రెండూ నల్లవే. ఏది ఏదో కళ్ళకు తెలియదు, కలిపి చూడడమొక్కటే పరీక్ష. రెండు కొసలూ తారుమారు చేస్తే కీచు పోయింది.

మూడోది రెండువారాల తరవాత బయటపడింది. మోత పెంచి ఒక స్వరం కొడితే, అది ఆగాక కూడా వెనకాల కంచుగిన్నె మోగినట్టుండేది. మావాడు అగరొత్తి పుల్లతో ఒక్కొక్కదాన్నే తడుతూ వచ్చి ఈసీసీ 83ను తట్టగానే స్పీకరులోంచి గంట మోగింది. వాల్వు లోపల జల్లెడలాంటి తీగెచుట్ట పట్టు సడలితే, తగిలిన ప్రతి అదురునూ అది శబ్దం చేసి పంపుతుంది. వాడు నోటుపుస్తకం తెరిచి ఏం రాయాలని అడిగాడు.

"ఖంగుమంటోంది అని రాయి" అన్నాము. అన్న మరుక్షణం ముగ్గురమూ అట్టపెట్టెల కోసం వెదికాము.

ఆ వాల్వు వచ్చింది ఆ పెట్టెలోంచే. తాతగారు దాన్ని ఎప్పుడో, ఎవరి రేడియోలోనో తట్టి చూసి, పారెయ్యడానికి మనసొప్పక పెట్టెమీద జబ్బు రాసి దాచారు. రేడియోలో వెనక వరసలో పెడితే ఇంకా పనికివచ్చేదే. మావాడు రెండో పెట్టెమీది మాట కూడబలుక్కుని చదివి, మమ్మల్ని అడగకుండానే ఆ వాల్వు పెట్టి స్విచ్చి వేశాడు. అరనిమిషం తరవాత రేకుల కప్పుమీద వాన మొదలయినట్టు బుస. వాడు తాతగారిని చూసింది రెండు సెలవుల్లోనే, అదీ ఆయనకు వినికిడి తగ్గాక. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆ రాత్రి వాడు చాలాసేపు వాన వింటూ కూర్చున్నాడు, గిటారు తగిలించకుండా.

మూడో పెట్టెమీద ఏ మాటా లేదు. ఇప్పుడు వాయిస్తున్నది దాంతోనే. స్లొవేకియాలో తయారయినది కొత్తది ఒకటి తెప్పించి పక్కన ఉంచాము. పై అంతస్తు ఫిలిప్పీను కుటుంబంతో రాత్రి తొమ్మిదికి ఆపేసే ఒప్పందం కుదిరింది. వాళ్ళబ్బాయి కూడా గిటారు వాయిస్తాడు, వారంలో రెండు రోజులు ఇక్కడే ఉంటాడు. మొన్న వాడి గిటారు వైరు పాడయితే మెట్లమీదనుంచే "గరగర, గరగర" అని కేకవేస్తూ దిగాడు. మావాడు సోల్డరింగు ఐరను అప్పటికే ప్లగ్గులో పెట్టాడు.