మంగోలియాలో పుట్టువెంట్రుకలు

ఉలాన్‌బాతర్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడుగునా గడ్డి, గుర్రాలు. మనుషులే లేరు. ఉంటే కదా! దేశమంతా కలిపి జనం 35 లక్షలు. మన హైదరాబాదులో ఓ మూలకి సరిపోతారు.

మర్నాడు కారు డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో, "మా చెల్లెలి కొడుక్కి జుట్టు తీస్తున్నాం, వస్తారా?" అన్నాడు. అంటే ఈయన మేనమామన్నమాట! సాక్షాత్తూ మేనమామే పిలిస్తే కాదంటామా?

పడమరగా హుస్తాయ్ వైపు వెళ్ళి తారురోడ్డు దిగగానే దారి ఒకటి అయిదయింది. ఫోనులో సిగ్నల్ పోయింది. మోటార్‌సైకిల్ మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన్ని అడిగితే గడ్డంతో అటు చూపించాడు. మన పల్లెల్లో అయితే "ఆ చింతచెట్టు దాటగానే" అంటారు. ఇక్కడ చెట్టంటూ ఉంటేగా! తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి తెల్లటి గుడారం కనబడింది. వాళ్ళు దాన్ని గెర్ అంటారు. వాకిలి ఎప్పుడూ దక్షిణానికే. మనవాళ్ళు వాస్తు పుస్తకం తెరిచి బెంబేలెత్తిపోతారు. గడప తొక్కకూడదన్నది మాత్రం ఇద్దరికీ ఒకటే.

కూర్చోగానే టీ ఇచ్చారు. పాలు, టీ ఆకు, అందులో ఉప్పు! నా మొహం చూసి ముసలమ్మ పడీ పడీ నవ్వింది. రెండో గిన్నెకి అలవాటైపోయింది. తర్వాత వేటమాంసం కూరి ఆవిరి మీద ఉడికించిన బూజ్, గుర్రప్పాలు పులియబెట్టిన ఐరగ్. శాకాహారులు చేగోడీలు కట్టుకుని వెళ్ళడం మంచిది.

పిల్లాడికి మూడో ఏడు. మొక్కు తీరేదాకా మనం మగపిల్లలకి జడలు వేసినట్టే, వాడికీ రెండు జడలు, రిబ్బన్లు. మగపిల్లలకి బేసి ఏట, ఆడపిల్లలకి సరి ఏట తీస్తారట. కత్తెరకి నీలం పట్టుగుడ్డ కట్టారు. పిల్లాడి పుట్టిన సంవత్సరంతో పొంతన కుదిరిన బంధువు మొదటి పాయ కత్తిరించాడు. ఆ తర్వాత మంగలి వస్తాడని చూస్తున్నాను. రాలేదు. పిల్లాడే చేతిలో సంచీతో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. ప్రతివాళ్ళూ ఒక పాయ కత్తిరించి సంచీలో వేసి, దీవించి, ఏదో ఒకటి చేతిలో పెట్టారు. తాతగారు గుర్రప్పిల్లని ఇస్తానన్నారు! నా వంతు వచ్చేసరికి చెయ్యి వణికింది. వాడు మాత్రం నా జేబుకేసి చూస్తూ నింపాదిగా నిలబడ్డాడు.

తిరుమల కల్యాణకట్టలో మా వాడు మేనమామ ఒళ్ళో పెట్టిన కేకలు అలిపిరి దాకా వినబడే ఉంటాయి. అక్కడ తలనీలాలు స్వామివి, దేవస్థానం వాటిని వేలం వేస్తుంది. ఇక్కడ ఆ సంచీ తల్లి పెట్టెలోకి వెళ్ళింది. మిగిలిన జుట్టు చివర్లో నున్నగా తీసేశారు. అప్పటికి సాయంత్రమైంది. పిల్లాడు ఒక్కసారీ ఏడవలేదు. మొక్కు సంగతి పక్కన పెడితే, పిల్లాడి వైపు నుంచి నా ఓటు మంగోలియాకే.

మీరు వెళ్తే జులై, ఆగస్టుల్లో వెళ్ళండి. ఇలాంటి పిలుపు వస్తే వదులుకోకండి. కొత్త నోటు ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇచ్చేటప్పుడు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని ఇవ్వండి, అక్కడ అదే మర్యాద. ఐరగ్ వద్దనుకుంటే గిన్నె పెదవికి తాకించి తిరిగి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.