నింపనక్కరలేని శీతలయంత్రము

గడచిన వేసవి సెలవులలో మేము బెంగుళూరు పోయి, ఒక పరిశోధనాలయమున పనిచేయు మా పూర్వవిద్యార్థిని చూచితిమి. హోసూరు ప్రాంతపు మన పాఠశాలలోనే తెలుగున చదివినవాడు. “తెలుగున చదివినవారికి సైన్సు అందునా?” అని మమ్మడుగు తలిదండ్రులు పలువురు గలరు. తిరుపతిలో పండితశిక్షణము పొంది వచ్చిన మాకును లోలోపల ఆ సంశయము లేకపోలేదు.

ఆతడు చూపినది నిలువెత్తు శీతలయంత్రము. దాని అడుగుభాగము పరమశూన్యమునకు, అనగా సున్నకు 273 డిగ్రీల దిగువకు, డిగ్రీలో నూరవవంతు మాత్రమే ఎగువన నుండును. ద్రవహీలియమును నెలకెన్నిమార్లు పోయుదువని అడిగితిమి. మేమెరిగినది పాత పద్ధతి. 1908లో కామర్లింగ్ ఓనెస్ లైడెన్ నగరమున హీలియమును ద్రవముగా మార్చినది మొదలు, దానితోనే వస్తువులను చల్లార్చుచు వచ్చిరి. మట్టికుండలోని నీటివలె అది ఆవిరియగుచుండును, మరల పోయవలెను. సహజవాయువుతో భూమినుండి వెలువడు వాయువది. గాలిలో కలిసెనా, చేజారినట్లే. వెలయు హెచ్చు. (దీనికి మన తెలుగునేలతో చుట్టరికము గలదు: 1868 ఆగస్టు 18నాటి సూర్యగ్రహణమును ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరినుండి వీక్షించెను. హీలియమును పట్టియిచ్చిన పసుపురేఖ సూర్యకాంతిలో పండితుల కంటబడినది ఆ యేటనే.)

“పోసేది ఏమీ లేదు అయ్యవారూ. లోపలుండే గాలే తిరగతా ఉంటాది” అని నవ్వెను. అప్పుడు మా చెవిని బడినది కిచకిచమను సవ్వడి, సెకనుకు ఒకటి రెండు మారులు. వెలుపలి కంప్రెసరు హీలియము వాయువును నొక్కి పంపును. గొట్టమున అది వ్యాకోచించి చల్లనై తిరిగివచ్చును. అదే వాయువు, అదే త్రోవ. చల్లని కొసను కదలెడి భాగమే లేదు.

పరమశూన్యమునకు మూడు నాలుగు డిగ్రీల చేరువకు వచ్చుటతో దీని పని ముగియును. ఆ పైని పని మరియొక చుట్టుది. హీలియమున 3, 4 అను భారసంఖ్యలు గల రెండు రకములు గలవు. మిక్కిలి చల్లబడగా వాని మిశ్రమము నూనె, నీరువలె రెండు పొరలగును. పైపొరలోని 3వ రకము క్రిందిపొరలోనికి చొచ్చునపుడు, ఆరెడి చెమట మేని వేడిని గొనిపోవునట్లు, వేడిని గ్రహించును. పంపు దానిని వెలికిలాగి మరల పైపొరకే చేర్చును.

“ఆ గొట్టాన్ని తెలుగులో ఏమనాలి?” అని అడిగెను. ‘స్పందననాళము’ అంటిమి.

“పిల్లలకు తెలియద్దా అయ్యవారూ? ఊపిరిగొట్టం అందామా?”

వాని మాటయే మేలు.

బడి తెరచిన దినమున ఆ మాటతోనే తొమ్మిదవ తరగతికి ఇది చెప్పితిమి. “కరెంటు పోతే?” అని వెనుకవరుసనుండి ఒక బాలిక అడిగినది. మాకు తోచని ప్రశ్న! ఆ సాయంత్రమే ఫోనుచేసి తెలిసికొంటిమి: యంత్రము వేడెక్కును, మరల చల్లబడుటకు ఒకటి రెండు దినములు పట్టును.