ముసురులో గద్వాల

రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికే వాన అందుకొంది. వంతెన దాటితే నడిగడ్డ. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. నడుమ ఈ సీమ. రెండు నదులున్నా తరతరాలుగా చినుకు కోసం మొహం వాచిన నేల ఇది. అందుకే కాబోలు, మేము గద్వాలలో ఉన్న రెండు రోజులూ ఆ ముసురును విసుక్కొన్నది మా దంపతులమే. "ఎప్పుడు వెలుస్తుందోయ్?" అని బస దగ్గర కుర్రవాణ్ణి అడిగితే, "ఇంకో రెండు దినాలు పడనీ సారూ, పత్తికి పానం వస్తది" అన్నాడు. విత్తనపత్తికి ఈ ప్రాంతం పెట్టింది పేరు. ఇక మాట్లాడేందుకేముంది?

గొడుగులతోనే కోటకు వెళ్ళాము. సోమనాద్రి అని జనం పిలుచుకొనే పెద సోమభూపాలుడు కట్టించిన కోట. గోడలు చాలావరకు శిథిలం. కాని లోపల చెన్నకేశవస్వామికి పూజలు జరుగుతున్నాయి. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల కూడా నడుస్తున్నది. పండితులను ఆదరించి 'విద్వద్గద్వాల' అనిపించుకొన్న సంస్థానం కదా! కోటలోకి పుస్తకాలు తడవకుండా పరుగెత్తుకొచ్చే పిల్లలను చూస్తే, శిథిలాల మీద జాలి సగం తగ్గింది.

మరునాడు అలంపురం వెళ్ళి నవబ్రహ్మాలయాలు చూడాలనుకొన్నాము. వాన సాగనివ్వలేదు. మా ఆవిడకు అదే మేలైంది. "చీరలైనా చూద్దాం పదండి" అంది. అంగడికి కాక, తెలిసినవారి వెంట ఒక నేతగాని ఇంటికే వెళ్ళాము.

ఇంట్లో రెండు గుంటమగ్గాలు. ఒకటి ఆగిపోయి ఉంది. కాళ్ళు పెట్టుకొనే గుంటలో నీరు ఊరింది! ఆ ఇంటి ఇల్లాలు చెంబుతో తోడి పోస్తున్నది. రెండవ మగ్గం మీద తండ్రీకొడుకులు చెరొక అంచు వైపు కూర్చొని నేస్తున్నారు. చీర ఒళ్ళు నూలు, అంచులు పట్టు. ఒంటికొక నాడె, అంచులకు రెండు. పేక పోగు వేసినప్పుడల్లా నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానితో ఒకటి మెలివేసి కలపాలి. దీన్నే కుప్పడం అంటారు. ఎన్ని వేల పోగులో, అన్ని వేల మెలికలు! చెమ్మకు గంజి పెట్టిన పడుగు అతుక్కొంటే పని ఇంకా నెమ్మది.

"వాన చేనికి మంచిదేనమ్మా, మగ్గానికే గాదు. నేస్తేనే కూలి" అన్నాడు ముసలాయన. ఆయన చుట్టాలది రాజోలి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆ ఊరిని ముంచెత్తినప్పుడు మగ్గాలు, పడుగులు, ఇళ్ళు పోయాయి. ఆ సంగతి చెబుతున్నంతసేపూ ఆయన చేయి మాత్రం ఆగలేదు.

బేరమాడడంలో మా ఆవిడకు సాటి లేరు. ఆనాడు వంకాయరంగు చీర ఒకటి తీసుకొని, అడిగినంతా ఇచ్చి, మారు మాట్లాడకుండా లేచింది.

సాయంత్రం కాస్త తెరిపి ఇవ్వగానే ఆటో కట్టించుకొని జూరాల ఆనకట్టకు వెళ్ళాము. 1981లో పునాదిరాయి పడిన ప్రాజెక్టు. చిత్రమేమంటే, ఇక్కడి వానకు ఈ గేట్లు లేవవు. ఎక్కడో పడమటి కనుమల్లో కురిసి, ఆలమట్టి, నారాయణపురం నిండి దిగువకు వదిలితేనే ఇక్కడ హోరు. ఆనాడు కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. తుంపర మొహాన కొడుతుంటే, అది వానో కృష్ణమ్మో తెలియలేదు. ఆనకట్ట దగ్గర వేడివేడిగా చేపలు వేయించి అమ్ముతారు. శాకాహారులు క్షమించాలి, మేము రెండు పళ్ళేలు తిన్నాము.