ఉమ్మడి షేర్లు, విడి లెక్కలు

మా అన్నగారమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆమెకు 2023లో ఇరుపక్షాల అంగీకారంతో విడాకులు మంజూరయ్యాయి. కంచాలూ మంచాలూ ఎలాగో పంచుకున్నారు గాని, పెళ్ళయిన కొత్తలో చెరిసగం సొమ్ము వేసి కొన్న కంపెనీ షేర్లు మాత్రం ఇద్దరి పేర్లతోనే డీమాట్ ఖాతాలో ఉండిపోయాయి. 2024 ఆగస్టులో ఇద్దరూ ఒప్పుకొని వాటిని అమ్మివేశారు. లాభం 6 లక్షలు. వచ్చిన డబ్బులో సగం అతనికి బ్యాంకు ద్వారా పంపించింది కూడాను.

మరుసటి యేడు రిటర్ను వేయబోయి, కాగితాలు పట్టుకుని హోసూరులో మా యింటికి వచ్చింది. పన్ను శాఖవారి వార్షిక సమాచార పత్రంలో అమ్మకం మొత్తం ఆమె పాన్ కిందనే ఉంది. ఖాతాలో మొదటి పేరు ఆమెది కావడమే కారణం.

"మొత్తం నేనే కట్టేస్తాను చిన్నాన్నా. మళ్ళీ అతనికి ఉత్తరం రాయడం నా వల్ల కాదు" అంది.

పెన్సిలు తీసి లెక్క వేశాను. యేడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్లను 2024 జూలై 23 నుంచి అమ్మితే, లాభంలో 1,25,000 పోను మిగిలినదానిపై పన్ను 12.5 శాతం. మొత్తం తన నెత్తిన వేసుకుంటే 59,375 రూపాయలు. తన సగమే చూపితే 21,875. సెస్సు వేరే. డబ్బు మాట అలా ఉంచండి. పన్ను సొమ్ము ఎవరిదో వారిది గాని, మొదటి పేరుది కాదు. అతని లాభాన్ని ఈమె చూపితే రెండు రిటర్నులూ తప్పే.

అలాగని అందరికీ చెరిసగమే అనుకోరాదు. భర్త సొమ్ముతో కొని, భార్య పేరు ఊరికే తోడుగా చేర్చితే లాభం భర్తదే. మన యిళ్ళలో ఎక్కువ జరిగేది ఇదే. అమ్మాయి పేరు రెండోదిగా కనబడగానే ఆమెకు ఆస్తి ఏర్పడిందని మామగారు మురిసిపోతారు! కాపురం సాగుతుండగా భర్త భార్యకు ఊరికే రాసిచ్చిన షేర్ల మీది ఆదాయం భర్త లెక్కలోనే కలుస్తుంది. విడిగా బ్రతకడానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇచ్చినవైతే అలా కలపరు.

చివరికి రాసింది. మా వదినగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "తెగిపోయాక ఇంకా ఉత్తరాలేమిటి?" అన్నారు. అతను మాత్రం మూడో రోజున జవాబిచ్చాడు; తన సగం తన రిటర్నులో చూపుతానని రెండు వాక్యాలు, కింద పాన్ నంబరు. క్షేమసమాచారాలు లేవు. ఆమె ఆ ముక్క చాలాసేపు చూసి, మిగిలిన సగం వేరొకరి పాన్‌కు చెందినదని శాఖవారి పత్రంలో గుర్తు పెట్టింది. కొన్ననాటి బ్యాంకు పద్దులూ, అతనికి సొమ్ము పంపిన రసీదూ, ఈ జవాబూ ఒకే కవరులో భద్రపరచమన్నాను.

ఆ కాగితాలలోనే మరొకటి బయటపడింది. ఆమె సొంత మ్యూచువల్ ఫండులో నామినీగా ఇంకా అతని పేరే ఉంది. వచ్చే ఆదివారం దాని పని చూడాలి.