కాలువ పారినంత మేర రుచి

తెనాలి వెళ్లినవాళ్లు ముందు కాలువ గట్టెక్కాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణను వదిలిన నీళ్లు దుగ్గిరాల మీదుగా వచ్చి, మూడు కాలువలుగా ఈ ఊరి మధ్యనుంచే పారుతాయి. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు రావడానికి ఈ కాలువలూ ఒక కారణమంటారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా తిండి తీరే మారిపోయింది. ఆ నీళ్లు పోయే దారినే, సముద్రం దాకా తింటూ చూస్తూ పోదామని మార్గశిరంలో బయల్దేరాను.

పొద్దున స్టేషన్‌కు దగ్గర్లో ఒక చిన్న టిఫిన్ హోటల్. నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ బాగుంది. కానీ నన్ను అక్కడ నిలబెట్టింది గారెలు. వంటమనిషి ఎడమ చేయి తడుపుకుని, పిండి ముద్దను అరచేతిలో తట్టి, బొటనవేలితో చిల్లు పెట్టి మూకుట్లోకి జారవిడుస్తున్నాడు. గారె ఒక్క క్షణం అడుక్కి మునిగి, బుడగలతో పైకి తేలుతుంది. అల్లం పచ్చడి పక్కన పెట్టుకుని కొరికితే పైన కరకర, లోపల దూదిలా ఉంది. ఇంత గుల్లగా ఎలా వస్తుందన్నా అని అడిగాను.

"పప్పు కొత్తదైతే ఒదుగుతుందండి. పాతది ఎంత రుబ్బినా పొంగదు. నీళ్లు కాస్త ఎక్కువ పడ్డాయా, గారె నూనె తాగేస్తుంది" అన్నాడు, మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

ఆ మాట ఆ ప్రయాణమంతా నాతోనే ఉంది. ఆ మినప్పప్పు ఎక్కడిదో తర్వాత చెబుతాను.

తెనాలి జిలేబీ సంగతి వేరు. పంచదార పాకంలో మెరిసే నారింజ రంగు చుట్లు కావివి. బెల్లం పాకంలో మునిగి తేలిన ముదురు రంగు జిలేబీలు. పిండిలోని పులుపు, బెల్లం తీపి నాలుక మీద ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. వేడివేడిగా అక్కడే తినాలి, పొట్లం కట్టించుకుని ఇంటికి తెస్తే సగం రుచి దారిలోనే పోతుంది. అటునుంచి రణరంగ చౌక్‌కు నడిచాను. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు బలైన ఏడుగురికి అక్కడ ఏడు స్మారక స్థూపాలున్నాయి. తెనాలి వచ్చినవాళ్లు ఆ స్థూపాల ముందు కాసేపైనా ఆగాలి.

రైల్లో చుండూరు, నిడుబ్రోలు దాటి బాపట్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. భావనారాయణస్వామి దర్శనం చేసుకుని ఒక మెస్‌లో భోజనానికి కూర్చున్నాను. కంద బచ్చలి కూర, పప్పు, గోంగూర, పులుసు, గడ్డ పెరుగు. ఆవ పెట్టిన కంద బచ్చలి మళ్లీ అడిగి వేయించుకున్నాను. అయినా ఆ విస్తట్లో నేను మనసారా దండం పెట్టింది అన్నానికి. సన్నగా, మెత్తగా, మెతుకుకు మెతుకు అంటకుండా ఉన్న ఆ బియ్యం పుట్టిల్లు ఈ ఊరే. సాంబా మసూరి అని మనం కొనుక్కునే బియ్యం అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. 1945లో మొదలైన ఇక్కడి వ్యవసాయ కళాశాల శాస్త్రవేత్తల కృషితో 1986లో ఈ రకం విడుదలైంది. ఆంధ్ర, తెలంగాణలే కాదు, ఇతర రాష్ట్రాల రైతులూ దీన్ని పండిస్తున్నారు. 2025లో జన్యు సవరణతో తెచ్చిన 'కమల' వంగడానికీ మూలం ఇదే.

ఆ అన్నం తింటుంటే కొరియాలోని జియోంజు నగరం గుర్తొచ్చింది. పాత పెంకుటిళ్ల పేట చూడ్డానికి వచ్చినవాళ్లు బిబింబాప్ తినందే ఊరు దాటరు. అన్నం మీద రకరకాల కూరలు పేర్చి, మిరప ముద్దతో కలుపుకునే గిన్నె అది. 2012లో యునెస్కో ఆ నగరాన్ని వంటల నగరాల జాబితాలో చేర్చింది. మన హైదరాబాదుకు ఆ గౌరవం 2019లో దక్కింది. బాపట్లకు మాత్రం వచ్చే వాళ్లలో చాలామంది నేరుగా సూర్యలంక బీచికి పోయి, బజ్జీలు తిని, అలల్లో తడిసి తిరిగెళ్తారు. నేనూ సాయంత్రం వెళ్లాను, సముద్రం బాగుంది. కానీ దక్షిణాదిలో ఎన్నో ఇళ్లలో రోజూ ఉడికే అన్నం ఈ ఊళ్లో పుట్టిందని ప్రతి పిల్లవాడికీ చూపించాలి. ఒక చిన్న ప్రదర్శనశాల, పక్కనే ఆ బియ్యంతో వండి పెట్టే భోజనశాల ఉంటే ఎంత బాగుంటుంది!

మర్నాడు కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె. కోత కోసిన మాగాణుల్లో వరి మోళ్ల మధ్య మినుము మొలకలు రెండాకులు విప్పుకుంటున్నాయి. ఈ డెల్టాలో పొలం దున్ని మినుము వేయరు. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే విత్తనం చల్లుతారు. నల్లరేగడిలో మిగిలిన తేమ, పైన మంచు, ఆ రెండూ చాలు, ఇంకో తడి లేకుండా పంట చేతికొస్తుంది. తెనాలి గారె, పండక్కి చేసే సున్నుండ, అట్టు, అన్నీ ఈ మోళ్లలోంచి వచ్చేవే. అయితే ప్రతి కమతంలోనూ ఆ మొలకలు లేవు. పల్లాకు తెగులు, బంగారుతీగ కలుపు మినుమును దెబ్బతీశాక చాలామంది అదే మోళ్లలో దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు.

రేపల్లె దగ్గరపడేకొద్దీ వరి పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఇవి శివారు భూములు, కాలువ నీళ్లు ఆఖర్న అందేచోటు. నేలలో ఉప్పు, గాలిలో ఉప్పు. రుచి కూడా ఇక్కడ మారింది. నిజాంపట్నం వైపునుంచి వచ్చిన చేపలు, పీతలు బజార్లో గుట్టలుగా ఉన్నాయి. ఎండు నెత్తళ్లు అమ్ముతున్న ఒకావిడ దగ్గర ఆగాను. "వంకాయలో వెయ్యి నాయనా, ఇంకేం ఎరగక్కర్లేదు. ముందు పొడి మూకుట్లో వేపి, తలకాయలు తుంచి కడుక్కో" అని చెప్పింది. హోటల్లో రొయ్యల ఇగురు తిన్నాను. గుంటూరు కారం ఘాటు, ఉల్లిపాయ తీపి, రొయ్య వదిలిన నీటితోనే దగ్గరపడిన గుజ్జు. అందులోకి మళ్లీ అదే బాపట్ల బియ్యం.

తిరుగు ప్రయాణం 1916లో వేసిన రేపల్లె–తెనాలి రైలుమార్గంలో. దారిలో భట్టిప్రోలు వచ్చింది. 1892లో అలెగ్జాండర్ రే బౌద్ధ స్తూపాన్ని తవ్వి ధాతు కరండాలు వెలికితీసిన ఊరది. పెట్టెలో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన వేమూరు వైపు రైతు. మీరు మినుము వేశారా బాబాయ్ అని అడిగాను.

"మొక్కజొన్నే వేశానయ్యా, కౌలు కట్టాలిగా. కాలువ పక్కన పది సెంట్లలో మాత్రం ఇంటి మందం మినుము చల్లా. సంక్రాంతికి మనవలొస్తారు. వాళ్లకి కొన్న పప్పుతో గారెలొండితే మా ఇంటిది ఊరుకోదు."