కుంటు పోయాక అసలు వైద్యం

మలక్‌పేట రేసుకోర్సుకు పందెం చూడ్డానికి వచ్చేవాళ్లు గ్యాలరీ వైపు వెళ్తారు. 1886లో ఆరో నిజాం మౌలాలీ నుంచి పందేలను ఇక్కడికి మార్పించినప్పటి నుంచీ జనం చూపు ఆ వైపే. నేను వెళ్లింది లాయాల వైపు. అక్కడ ఓ ట్రైనర్ దగ్గరికి గుర్రాలకు ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ పొద్దున్నే వస్తారు.

ఆ పూట ఆవిడ పేషెంటు ఒక ఎర్రటి ఆడగుర్రం. ఎడమ ముందుకాలి వెనక టెండన్ చిరిగి 3 నెలలట. గుర్రాన్ని చూసుకునే సైసు దాన్ని గట్టినేల మీద దుల్కీ పరుగులో అటూ ఇటూ తిప్పాడు. నేను కాళ్లే చూస్తున్నాను. “తల చూడండి” అన్నారు డాక్టరమ్మ. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనగానే గుర్రం బరువు తప్పించుకోవడానికి తల ఎత్తుతుంది, మంచికాలు మోపినప్పుడు దించుతుంది. ఈ గుర్రం తల నిలకడగానే ఉంది.

“కుంటు పోయింది. ఇక ఇప్పుడే భయం” అన్నారావిడ.

గుర్రం ముందుకాలిలో మనం మోకాలనుకునేది నిజానికి మన మణికట్టు లాంటి కీలు. దాని కింద కండ దాదాపు ఉండదు. ఎముక, తోలు, మధ్యలో టెండన్లు, అంతే. నాలుగున్నర క్వింటాళ్ల జంతువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దౌడు తీస్తుంటే ప్రతి అడుగుకూ ఆ టెండన్ రబ్బరు పట్టీలా సాగి ముడుచుకోవాలి. చిరిగిన చోట కొత్తగా పుట్టే కణజాలానికి ఆ సాగుడు తక్కువ. వాపు, నొప్పి కొన్ని వారాల్లో తగ్గుతాయి. లోపల అతుకు గట్టిపడటానికి మాత్రం 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈలోగా గుర్రానికి తనకేమీ కాలేదనే అనిపిస్తుంది. ఓట్స్ తిని లాయంలో నిలబడి ఉన్న రేసు గుర్రం, వదిలితే ఊరుకుంటుందా?

అందుకే వైద్యమంతా ఎక్కువగా నడకే. మొదట్లో చేత్తో పట్టుకుని కొద్ది నిమిషాలు, తర్వాత వారం వారం కాస్త పెంచుతూ, మధ్యమధ్య స్కాన్ చేస్తూ. నడిచొచ్చాక సైసు పైపుతో కాళ్ల మీద చన్నీళ్లు పోశాడు. “చెయ్యి వెట్టి సూడుండ్రి సార్. ఒక కాలు ఎచ్చగుంటె ఆ దినం నడక బంద్” అన్నాడు. పెట్టి చూశాను, నాకు రెండూ ఒకేలా తగిలాయి. అతను కింది నుంచి పైకి వేళ్లు జార్చుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, మళ్లీ నొక్కి చూసి “బరాబర్” అన్నాడు. ఈ విద్యకు సర్టిఫికెట్టేమీ ఉండదు.

కట్లు మాత్రం రెండు ముందుకాళ్లకూ కట్టారు. దెబ్బతిన్న కాలి బరువంతా మోసేది రెండోదే కదా. అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారో అనే గుర్రం, రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక్కాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి ఎముక నిలబెట్టారు. ఈలోగా బరువు మోసిన ఎడమ కాలి డెక్క పాడైంది. చివరికి 2007 జనవరిలో దానికి కారుణ్య మరణం ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత క్యారెట్ల కసరత్తు. ముక్కను రొమ్ము దగ్గర, ముందుకాళ్ల మధ్య, పక్కటెముకల దగ్గర చూపిస్తే గుర్రం మెడ వంచి దాన్ని అందుకుంటుంది, దాంతో వెన్నెముక పక్కనున్న లోతు కండరాలు పనిచేస్తాయి. 3 నెలలు ఇలా చేయిస్తే ఆ కండరాలు లావెక్కాయని 2011లో స్టబ్స్, క్లేటన్ బృందం కొలిచి చూపించింది. ఇక లేజర్లు, అయస్కాంతపు దుప్పట్లు బజారులో బోలెడు. వాటి ధరలు ఘనం, రుజువులు పలుచన.

నిలబడి ఉన్న గుర్రానికైనా, పరిగెత్తే గుర్రానికైనా దాణా ఖర్చు తప్పదు కాబట్టి ఓనరుకు తొందర. కుంటని గుర్రాన్ని పందెంలో దించొద్దని ఓనరుకు నచ్చజెప్పడమే ఆవిడ పనిలో కష్టమైన భాగమని నాకనిపించింది. నేనున్నప్పుడే ఫోనొచ్చింది. “బాగానే నడుస్తోంది సార్, అందుకే వద్దంటున్నా. ఇంకో ఆర్నెల్లు” అని చెప్పి, వచ్చే స్కాన్ తేదీ సైసుకు రాసిచ్చి, పక్క లాయంలోకి వెళ్లారు.