కాలువ వెంట కోనసీమలోకి: బొబ్బర్లంక నుంచి రావులపాలెం దాకా సైకిల్ మీద

(దృశ్యం: తెల్లవారుజాము. ధవళేశ్వరం బ్యారేజీ మీద సైకిల్ ముందు చక్రం. పక్కన గోదావరి.)

శివరాత్రి వెళ్ళింది. చలి కూడా శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఎండలు ఇంకా ముదరలేదు. ఉగాది వచ్చేదాకా గోదావరి జిల్లాల్లో ఓ నెల రోజులు ఇలాగే ఉంటుంది. పొద్దున్నే పలచగా మంచు, తొమ్మిది దాటాక ఒంటికి హాయిగా తగిలే ఎండ. కాలువల నిండా నీళ్ళు, చేల నిండా దాళ్వా (రెండో పంట వరి) పైరు, మామిడి చెట్ల నిండా పూత, పిందె. సైకిలెక్కి ఊళ్ళు తిరగడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు మళ్ళీ దొరకవు.

ఇవాళ్టి మన దారి చెప్తాను. రాజమండ్రి దగ్గర ధవళేశ్వరంలో మొదలుపెట్టి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కణ్ణుంచి కాలువ గట్టు పట్టుకుని ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం. గట్టు రోడ్డు ఇంచుమించు 20 కిలోమీటర్లు. కారులో అయితే ముప్పావు గంట. మనం మాత్రం పొద్దున ఆరింటికి బయల్దేరి పదకొండింటికి చేరదాం. తొందరేం లేదు. ఈ దారిలో తొందరపడ్డవాళ్ళకి రోడ్డు తప్ప ఇంకేమీ కనపడదు.

(దృశ్యం: బ్యారేజీ గేట్లు వరసగా. ఒకవైపు నిండు నీళ్ళు, రెండోవైపు ఇసుక.)

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. ఎడమా కుడీ చూడండి. ఎగువన గోదావరి సముద్రంలా నిండుగా ఉంది. దిగువన చూస్తే ఇసుక తిన్నెలు, అక్కడక్కడా మడుగులు, వాటిలో కొంగలు. మరి ఇంత నీరూ ఎటు పోతోంది? తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి. ఈ నెలల్లో గోదావరి తనంతట తాను పెద్దగా పారదు. సీలేరు మీద కరెంటు తీసి వదిలిన నీళ్ళు కిందికొస్తేనే దాళ్వా గట్టెక్కుతుంది. నీళ్ళు తగ్గిన ఏడాది వంతులు పెడతారు. ఈ కాలువకి ఇన్ని రోజులు, ఆ కాలువకి ఇన్ని రోజులు అని. అలాంటి ఏడాది ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా వినపడేది ఆ మాటే.

ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట కట్టించింది 1847 నుంచి 1852 మధ్య. ఇప్పుడు మనం సైకిల్ తొక్కుతున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ మీద. ఇది 1982లో ప్రారంభమైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, అన్నీ కలిపి 175 గేట్లు. మొదటి రెండు భాగాలూ దాటితే బొబ్బర్లంక. అంటే గౌతమి మన వెనకే ఉండిపోయింది, వశిష్ఠ ఇంకా ముందుంది. ఈ రెండు పాయల నడుమ నేలంతా మధ్య డెల్టా. జనం నోట కోనసీమ.

(దృశ్యం: బొబ్బర్లంక. హెడ్ స్లూయిస్ నుంచి కాలువలోకి నురగతో దూకుతున్న నీళ్ళు.)

మన ప్రయాణం అసలు మొదలయ్యేది ఇక్కడ. మధ్య డెల్టా ప్రధాన కాలువ ఈ తూముల్లోంచే బయల్దేరుతుంది. ఇక్కణ్ణుంచి మనమూ, నీళ్ళూ ఒకే వైపు వెళ్తాం.

ఇందులో ఓ చిన్న లెక్క ఉందండీ. నీళ్ళు వాలుకే కదా పారేది! కాబట్టి బొబ్బర్లంక నుంచి రావులపాలెం వైపు వెళ్తే మనదీ వాలే. కాకపోతే ఆ వాలు ఎంత తక్కువంటే కంటికి కనపడదు, కాలికి తెలియదు. అసలు కష్టపెట్టేది గాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి దక్షిణపు గాలి లేస్తుంది. మనం వెళ్ళేదీ దక్షిణానికే కాబట్టి అది సరిగ్గా మొహానికే కొడుతుంది. అందుకే ఇక్కడ తెల్లవారకముందే బయల్దేరమని చెప్పేది. పదిలోపు చల్లగా, తేలిగ్గా సాగిపోయే దారే పదకొండు దాటాక రెండింతలు పొడుగైనట్టుంటుంది.

(దృశ్యం: గట్టు రోడ్డు. ఓ పక్క కాలువ, ఓ పక్క కొబ్బరి తోటలు. పెడల్ చప్పుడు, దూరంగా కోయిల.)

ఇప్పుడు కాసేపు నేను మాట్లాడను. చూడండి.

(సంగీతం. అర నిమిషం.)

కాలువ అవతలి గట్టున ఇళ్ళు, ఇంటింటికీ ఓ రేవు. రేవు మెట్ల మీద ఒకావిడ బిందె తోముతోంది. ఆవిడ పక్కనే గేదె మెడ దాకా మునిగి, కళ్ళు మూసుకుని తపస్సు చేస్తోంది. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. సైకిల్ చప్పుడుకి అది లేవదు. అదే మోటార్ సైకిలైతే ఫర్లాంగు దూరంలో ఉండగానే ఎగిరిపోతుంది. పిట్టల్ని చూడాలంటే సైకిలే మేలు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చెట్లు గమనించారా? ఈ రోజుల్లో ఒక్కోటి ఒక్కో పనిలో ఉంటుంది. రావి పాత ఆకు రాల్చేసి రాగి రంగు చిగురు తొడుగుతోంది. బూరుగుకి ఒక్క ఆకు లేదు, ఒళ్ళంతా ఎర్ర పూలే. ఆ పూల కోసం గోరింకలు పోట్లాడుకుంటున్నాయి. కానుగ లేత పచ్చగా మెరుస్తోంది. వేప ఇంకా మొగ్గ మీదుంది. ఉగాది పచ్చడి వేళకి అందిస్తుంది లెండి. మామిడి పూత కిందగా వెళ్తున్నప్పుడు చూడండి, ఆ వాసన గుప్పున తగిలి పది గజాల్లో అయిపోతుంది. కారు అద్దాలు ఎత్తుకుని వెళ్ళేవాళ్ళకి అది లేనట్టే.

(దృశ్యం: సైకిల్‌కి స్టాండు వేసి చేను గట్టు మీద. వరి వెన్ను దగ్గరగా.)

ఇదీ దాళ్వా చేను. ఇక్కడ దాళ్వాకి బొండాలు, 1121 లాంటి రకాలు వేస్తారు. సంక్రాంతికి అటూ ఇటూ నాటిన పైరు ఇప్పుడు పొట్ట మీదుంది. ముందు వేసిన చేలు అప్పుడే ఈనుతున్నాయి. కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఈ ఆకు తొడిమలోంచి వెన్ను సగం బయటికొచ్చింది. గింజ మీద ఈ తెల్లటి నూగులాంటివి కనపడుతున్నాయా? అదే వరి పువ్వు. ఒక్కో పువ్వు పొద్దుటి పూట కాసేపే విచ్చుకుని, పని కానిచ్చుకుని మూసుకుపోతుంది. మనం రోజూ తినే అన్నం వెనక ఉన్న పువ్వుని మనలో చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు.

గట్టు మీద పార భుజాన వేసుకుని వస్తున్న పెద్దాయన ఆగి పలకరించారు.

"ఏ ఊరండీ తమది?"

హైదరాబాదు అని చెప్పాను.

"అక్కణ్ణుంచి సైకిల్ మీదేనా అండీ!"

కాదండీ, రాజమండ్రి నుంచేనని చెబితే ఊపిరి పీల్చుకున్నారు. చేనుకి నీళ్ళు పెట్టి వస్తున్నారట. ఈసారి నీళ్ళెలా ఉన్నాయి బాబాయ్ గారూ అని అడిగాను. "ఇప్పటిదాకా బానే ఉందండీ. ఈనిక టైములో తడి ఆరకూడదు. ఈ నెలంతా ఇలా వదిలితే చాలండి, గింజ పాలుపోసుకుంటది" అన్నారు. ఆయనకి కాలువంటే అందం కాదు, లెక్క. ఆ లెక్క సరిపోతేనే మనకీ అందం.

(దృశ్యం: ఆత్రేయపురం. ఇంటి వసారా, పొయ్యి మీద బోర్లించిన కుండ.)

ఆత్రేయపురం వచ్చేశాం. సంక్రాంతికి ఇక్కడి కాలువలో పడవ పందేలు జరుగుతున్నాయి ఈమధ్య. కానీ ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది పూతరేకుల వల్ల. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అంగట్లో పెట్టె కొనుక్కుని వెళ్ళిపోకండి. రేకు తీయడం చూడండి. బియ్యం నానబెట్టి పాలలా పలచగా రుబ్బుతారు. ఇదిగో ఈ కుండని పొయ్యి మీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. అందుకే రేకు తీస్తున్న అక్క చూపంతా కుండ మీద ఉంటే, ఎడమ చెయ్యి ఆకు ఎగదోస్తూనే ఉంది. తెల్లటి పలచటి బట్టని ఆ పిండిలో ముంచి, రెండు చేతులా చివర్లు పట్టుకుని, కుండ మీద ఇలా పరిచి ఒక్క లాగు లాగింది. సుయ్‌మంది. రెండు మూడు లిప్తల్లో అంచులు లేచాయి. అంతే, రేకు వచ్చేసింది. వెలుతురుకి పెట్టి చూస్తే అవతల మనిషి కనపడుతున్నారు.

"రోజుకి ఎన్ని తీస్తారక్కా?" అంటే, "లెక్కెడితే చెయ్యి ఆగిపోద్దండీ" అని నవ్వేసింది.

తర్వాత రేకుకి కాస్త తడి చూపించి మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడత పెడతారు. అప్పటికప్పుడు మడిచిన బెల్లం పూతరేకు తిన్నాక పెట్టెల్లోది నోటికి ఎక్కదు. ముందే చెప్తున్నాను.

(దృశ్యం: లొల్ల లాకులు. రాతి గోడలు, తలుపులు, నీటి హోరు.)

ఈ హోరు ఎక్కడిదంటారా? లొల్ల లాకులు. సినిమాల్లో చాలాసార్లు చూసి ఉంటారు, షూటింగులకి పేరున్న చోటు. ప్రధాన కాలువ నీళ్ళు ఇక్కడ పాయలుగా విడిపోయి కింది ఊళ్ళకి వెళ్తాయి.

లాకు ఎందుకు కట్టారో చూద్దాం. కాటన్ కాలంలో కాలువ అంటే సేద్యానికి ఎంతో, పడవకీ అంతే. ఎగువ నీటి మట్టం ఎక్కువ, దిగువ తక్కువ. మరి పడవ కిందికి ఎలా దిగుతుంది? రెండు వైపులా తలుపులున్న తొట్టి కట్టారు. ఎగువ తలుపు తీసి పడవని లోపలికి రానిచ్చి, మూసేస్తారు. దిగువ వైపు నీళ్ళు మెల్లగా వదులుతారు. తొట్టిలో మట్టం దిగుతుంటే పడవా దానితోపాటే దిగుతుంది. మట్టం సమానమయ్యాక దిగువ తలుపు తీస్తే పడవ దాని దారిన అది పోతుంది. ఇంజనూ లేదు, కరెంటూ లేదు. నీటి బరువే పని చేస్తుంది. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు అందరూ ఇలా దిగినవాళ్ళే. రోడ్లు పడ్డాక, లారీలొచ్చాక పడవలు ఆగిపోయాయి. లాకులు మిగిలాయి.

ఇక్కడ నీడ బావుంటుంది. సైకిల్ పెట్టి అరగంట కూచోవచ్చు. నీళ్ళలోకి మాత్రం దిగకండి. పైకి నెమ్మదిగా కనపడుతుంది కానీ తలుపుల దగ్గర సుడి లాగేస్తుంది.

(దృశ్యం: ర్యాలి గుడి గోపురం. తర్వాత రావులపాలెం వైపు రోడ్డు.)

ఓపికుంటే ర్యాలి కూడా చూసి వెళ్ళండి, దగ్గరే. జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే రాతిలో ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని. అర్చకులు దీపం పట్టి జడ ముడితో సహా చూపిస్తారు. గుడిలో చల్లదనానికి కాళ్ళ నొప్పులు సగం పోతాయి.

ఇక జాగ్రత్తలు. శనివారం ఈ దారికి రాకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న జనంతో రోడ్డు కిటకిటలాడుతుంది. ఆ రోజు సైకిల్‌కి చోటుండదు. వారం మధ్యలో రండి. గేర్ల సైకిలే కావాలని లేదు, నేలంతా చదునే. గాలి పంపు, పంక్చరు సామాను, వెనకాల ఎర్ర లైటు తప్పకుండా ఉండాలి. గట్టుకి చాలాచోట్ల పిట్టగోడ లేదు. ఎదురుగా ట్రాక్టరొస్తే పంతానికి పోకుండా దిగి నిలబడండి. దూరం నుంచి వచ్చేవాళ్ళు సైకిల్‌ని రైల్లో లగేజీగా బుక్ చేసుకుని రాజమండ్రిలో దిగొచ్చు. నీళ్ళ సీసా ఖాళీ అయితే గట్టు మీద పడేయకండి. ఇక్కడ పడేసింది తూముకి అడ్డం పడి, ఎవరో ఒక రైతు చేనుకి నీళ్ళు ఆపుతుంది.

చివరిగా ఒక్క మాట. ఎండాకాలం రండి, సెలవుల్లో రండి అని నేను చెప్పను. ఏప్రిల్‌లో దాళ్వా కోతకొస్తుంది, కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో తొలకరి పనులకి వదిలేదాకా అడుగున బురదా, గుర్రపుడెక్కా తప్ప చూడ్డానికేం ఉండదు. కాబట్టి ఈ దారి చూడాలనుకునేవాళ్ళు ఉగాదిలోపు ఓ సెలవు పెట్టండి. పొద్దున్నే ఆరింటికి బొబ్బర్లంకలో ఉండండి.